మూడు ఏడున్నరలు ఇరవై రెండున్నరే కదా? (3 నెలల ఇంజెక్షన్ దొరకట్లేదు)

ఖమ్మం_కుర్రోడు
మా నాన్నకి 71 ఏళ్ళు. ప్రోస్టేట్ కాన్సర్, ఎముకలకి కాస్త పాకింది. హైదరాబాద్‌లో చూపిస్తున్నాం. మూడు నెలలకోసారి ల్యూప్రోలైడ్ డిపో 22.5 మి.గ్రా. ఇంజెక్షన్. ఇప్పటికి నాలుగు అయ్యాయి, ఐదోది ఈ శుక్రవారం. ఈసారి ఆయనకి ప్రయాణం చేసే ఓపిక లేదు, మీ ఊళ్ళోనే వేయించుకోండి అని డాక్టర్ గారు రాసిచ్చారు. తీరా చూస్తే ఏ షాపులోనూ 22.5 లేదు. తెప్పించాలంటే పది రోజులట. ఒక షాపాయన 7.5 పెట్టెలు మూడు కౌంటర్ మీద పెట్టి, "మూడు ఏడున్నరలు ఇరవై రెండున్నర. మూడూ ఒకేసారి వేయించెయ్యండి. మందు అదే, కంపెనీ అదే" అన్నాడు. లెక్క కరెక్టే. కానీ ఎందుకో మనసొప్పక డబ్బు కట్టకుండా వచ్చేశా. డాక్టర్ గారు ఊళ్ళో లేరు, ఫోన్ ఎత్తట్లేదు. వేయించొచ్చా, వద్దా?

అనుమానం_అప్పారావు
వేయించెయ్ బ్రో. అన్నీ ఒకే డ్రమ్ములోంచి తీసి వేరే వేరే లేబుళ్ళు అంటిస్తారు. మా ఆవిడకి థైరాయిడ్ మాత్ర 50 దొరక్కపోతే 25 వి రెండు వేసుకోమని డాక్టరే చెప్పారు.

మందుల_మల్లేశం
వేయించొద్దు. 19 ఏళ్ళుగా మెడికల్ షాపు నడుపుతున్నా (ఆ మందు కాదు, ఈ మందు). అప్పారావు గారూ, థైరాయిడ్ మాత్ర మింగితే కడుపులో కరిగిపోతుంది, రెండు పాతికలు యాభయ్యే. డిపో అలా కాదు. పెట్టెలో మడతపెట్టిన కాగితం ఉంటుంది చూడండి, దాంట్లోనే రాసి ఉంటుంది: నెల డోసుల్ని కలిపి మూడు నెలల డోసుగా వాడకూడదు, మూడు నెలల డోసుని పంచి నెల డోసుగానూ వాడకూడదు అని. ఎందుకంటే మాత్రం నన్ను అడక్కండి, పంతులు గారు రావాలి.

ఆర్టీసీ_రాజు
డిపో అంటే మా ఆర్టీసీ డిపో అనుకుని లోపలికొచ్చా. క్షమించాలి.

పాలిమర్_పంతులు
రాజు గారూ, మీరు తప్పు చోటికేం రాలేదు. ఇది కూడా అదే డిపో. బస్సులన్నీ లోపలే ఉంటాయి, టైము ప్రకారం ఒక్కొక్కటీ బయటికొస్తుంది.

ఖమ్మం అబ్బాయికి: వద్దు. మల్లేశం గారు చెప్పింది నిజం. ఎందుకో కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే షాపాయన లెక్కలో తప్పు లేదు, అదే ఇక్కడ తమాషా.

ఆ సీసాలో తెల్లటి పొడి ఉంటుంది కదా. అది ఉత్త మందు కాదు. మందుని లోపల ఇరికించిన సన్న సన్న గోళీలు. ఒక్కోటి మన వెంట్రుక మందం కన్నా చిన్నది. గోళీ ఒళ్ళంతా పాలిమర్, అంటే చిన్న అణువుల్ని గొలుసుగా అల్లిన పదార్థం. ఆ గొలుసులో ఒక పూస లాక్టిక్ ఆమ్లం, మన పెరుగులో పులుపు అదే. ఇంకో పూస గ్లైకోలిక్ ఆమ్లం, చెరకులో ఉంటుంది, ఆడవాళ్ళ ఫేస్ క్రీముల్లోనూ ఉంటుంది. రెండూ కలిపిన గొలుసుని పీఎల్‌జీఏ అంటాం. లాక్టిక్ పూసలే ఉంటే పీఎల్ఏ. కండలోకి ఎక్కించాక ఒంట్లో నీళ్ళు లోపలికి చేరి పూసల మధ్య లంకెలు ఒక్కొక్కటీ తెంపుతాయి. గొలుసు చిన్నదయ్యే కొద్దీ గోళీ గుల్లబారి మందు బయటపడుతుంది. చివరికి మిగిలిన ఆమ్లాల్ని ఒళ్ళు మామూలు తిండిలాగే వాడేసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్, నీళ్ళు అయిపోతాయి.

ఇప్పుడు లెక్కకి వద్దాం. ఈ మందు మొదట తెచ్చిన బ్రాండు అమెరికా కాగితంలో ఏముందో చెప్తా. 7.5 సీసాలో పాలిమర్ 66.2 మి.గ్రా. 22.5 సీసాలో 198.6. మూడుతో గుణించి చూడండి, పైసా తేడా రాదు. మందు మూడింతలు, పాలిమర్ మూడింతలు. అయితే నెల సీసాలో ఉన్నది పీఎల్‌జీఏ, మూడు నెలల సీసాలో ఉన్నది ఉత్త పీఎల్ఏ. తేడా అంతా అక్కడే. లాక్టిక్ పూసకి పక్కన ఒక చిన్న మిథైల్ గుంపు గొడుగులా ఉండి నీళ్ళని దగ్గరికి రానివ్వదు. గ్లైకోలిక్‌కి ఆ గొడుగు లేదు. అందుకే గ్లైకోలిక్ కలిపిన గోళీ త్వరగా తడుస్తుంది, త్వరగా పోతుంది.

మూడు నెల సీసాలు ఒకేరోజు ఎక్కిస్తే మూడు గడియారాలూ ఒకేసారి మొదలై ఒకేసారి ఆగిపోతాయి. మొదటి నెల అవసరానికి మూడు రెట్లు మందు, ఆ తర్వాత ఖాళీ. మీరేమో మూడు నెలలు నిశ్చింత అనుకుని కూర్చుంటారు, ఆయన ఒంట్లో టెస్టోస్టిరాన్ (ఈ కాన్సర్‌కి మేత వేసే మగ హార్మోన్, దాన్ని ఆపడమే ఈ సూది పని) మెల్లగా లేచి కూర్చుంటుంది. మీ చేతిలో ఉన్న బ్రాండు వేరైతే పాలిమర్ లెక్క కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, సూత్రం ఇదే.

ఖమ్మం_కుర్రోడు
దండాలు పంతులు గారూ. 66.2 × 3 ఫోన్‌లో కొట్టి చూశా. ఒళ్ళు జలదరించింది. డబ్బు కట్టేసేవాడినే.

అనుమానం_అప్పారావు
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒక్క డౌట్. "పాలిమర్" అంటే ప్లాస్టిక్కే కదా? ముసలాయన ఒంట్లోకి ప్లాస్టిక్ ఎక్కిస్తున్నామన్నమాట. పైగా చెరకు, పెరుగు అని చెప్తే అయిపోయిందా?

సిస్టర్_సుగుణ
అప్పారావు గారూ, మీకు ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? లోపలి కుట్లకి వాడే ఊదా రంగు దారం తెలుసా, విప్పక్కర్లేకుండా కరిగిపోయేది? అది కూడా ఇదే సామాను. 1970ల నుంచి లోకమంతా కుడుతున్నారు. సిజేరియన్ అయిన ఆడవాళ్ళలో ఎంతమంది ఒంట్లో ఆ దారం కరిగిపోయిందో లెక్కే లేదు.

అనుమానం_అప్పారావు
అయింది. హెర్నియా. ఊరుకుంటున్నా.

త్రీడీ_తమ్ముడు
ఆగండాగండి. పీఎల్ఏ అంటే నా త్రీడీ ప్రింటర్‌లో వేసే తీగే కదా? దాంతో చేసిన పూలకుండీ మా బాల్కనీలో మూడేళ్ళుగా ఎండకీ వానకీ చెక్కు చెదరకుండా ఉంది. మట్టిలో కలిసిపోతుందని చెప్పి అమ్మారు. కుండీలో మొక్కే చచ్చిపోయింది గానీ కుండీ చావలేదు. మరి అది ఒంట్లో మూడు నెలల్లో ఎలా పోతుంది?

పాలిమర్_పంతులు
తమ్ముడూ, మంచి ప్రశ్న. కుటుంబం ఒకటే, మనుషులు వేరు. మీ కుండీలో గొలుసులు చాలా పొడుగు, అవి పక్కపక్కన బారులు తీరి గట్టిగా పేరుకుని ఉంటాయి, నీళ్ళు దూరడానికి సందు ఉండదు. దాన్ని కరిగించాలంటే 60 డిగ్రీల దగ్గర వేడిగా ఉండే పెద్ద కంపోస్టు గుంట కావాలి, బాల్కనీ చాలదు. ఇంజెక్షన్‌లో వాడేది కుడి ఎడమ రకాల లాక్టిక్ రెండూ కలిపి అల్లింది. అందుకే బారులు తీరదు. గొలుసూ పొట్టిది. పైగా 37 డిగ్రీల వెచ్చటి నీళ్ళలో రాత్రీ పగలూ నానుతుంది.

ఇంకోటి, మూడు నెలల్లో మందు అయిపోతుందంటే గోళీ ఆనవాలు లేకుండా పోయిందని కాదు. పీఎల్ఏ పొట్టు ఇంకొన్నాళ్ళు ఉండి పోతుంది.

త్రీడీ_తమ్ముడు
అయితే నా ప్రింటర్‌తో మందుబిళ్ళలు చేయలేనన్నమాట. కల చెదిరింది.

ఎంఫార్మ్_ఏడుపు
పంతులు గారూ, మీరు ఉన్నప్పుడే అడగాలి, చర్చ పక్కకి మళ్ళిస్తున్నందుకు తిట్టకండి. నా ప్రాజెక్ట్ ఇదే. పీఎల్‌జీఏ 50:50 (రెండు పూసలూ సగం సగం), లోపల ఒక పెప్టైడ్, అంటే ప్రోటీన్ ముక్కలాంటి మందు. మందు నీళ్ళని పాలిమర్ కలిపిన డీసీఎంలో (త్వరగా ఆవిరయ్యే ద్రావకం) సన్న బొట్లుగా చిలికి ఎమల్షన్ చేసి, దాన్ని పీవీఏ (బొట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూసేది) కలిపిన నీళ్ళలో పోసి, బీకరు మూత తీసి రాత్రంతా తిప్పుతున్నా. గోళీలు మైక్రోస్కోపులో ముత్యాల్లా ఉన్నాయి. గైడ్ గారు కూడా మెచ్చుకున్నారు. మందు ఎంత వేగంగా వదులుతుందో చూసే రిలీజ్ పరీక్ష పెడితే మొదటి 24 గంటల్లోనే 40 శాతం బయటికొచ్చేసింది. నెలరోజుల మందు కాస్తా నాలుగు రోజుల మందు అయింది. మూడు బ్యాచ్‌లు అంతే. పీవీఏ మార్చా, స్పీడు మార్చా. హాస్టల్ కూడా మార్చా.

పాలిమర్_పంతులు
అది బర్స్ట్. రాజు గారి భాషలో చెప్పాలంటే పొద్దున్నే గేటు తీయగానే సగం బస్సులు ఒకేసారి రోడ్డెక్కడం. మందు గోళీ లోపల కాదు, చర్మం మీదా చర్మం కిందా చేరింది. రాత్రంతా తిప్పుతున్నా అన్నారు చూడండి, దొంగ అక్కడ దొరకొచ్చు. డీసీఎం ఆరేలోపు గోళీ మెత్తగానే ఉంటుంది, ఆ టైములో నీళ్ళలో కరిగే మందు మెల్లగా బయటికి జారుకుంటుంది. మూడు పనులు చేయండి. లోపలి నీటి బొట్టుని చిక్కగా చేయండి. మొదటి ఎమల్షన్‌ని ఐసు మీద చేసి బొట్లు సన్నగా వచ్చేట్టు చూడండి. బయటి నీళ్ళలో కొంచెం ఉప్పు వేయండి, లోపలికీ బయటికీ నీళ్ళు లాక్కోవడం తగ్గుతుంది. పాలిమర్ చివర ఆమ్లం ఉన్న రకమా, మూసేసిన రకమా చూసుకోండి. మీ పెప్టైడ్‌కి ధన ఆవేశం ఉంటే ఆమ్లపు చివరలు దాన్ని పట్టుకుని కూర్చుంటాయి.

ఉప్పు ఎంతో నన్ను అడక్కండి. అది మీ బీకరే చెప్పాలి.

ఎంఫార్మ్_ఏడుపు
లోపలి బొట్టు చిక్కగా అంటే దేంతో?

పాలిమర్_పంతులు
జెలటిన్. జపాన్‌లో టకెడా అనే మందుల కంపెనీ వాళ్ళు ఈ ల్యూప్రోలైడ్ గోళీలు చేసినప్పుడు వేసిన ఉపాయమే అది. మందుతో పాటు జెలటిన్ కరిగించి, ఎమల్షన్ చేసి చల్లబరిస్తే బొట్టు జెల్లీలా బిగుసుకుంటుంది, మందు ఎటూ పోలేదు. 1989లో అమెరికాలో అమ్మకానికొచ్చిన నెల సీసాలో ఆ జెలటిన్ 1.3 మి.గ్రా. ఉండేది, ఇప్పటికీ ఉంది.

పప్పుచారు_ప్రియుడు
జెలటిన్ అంటే జంతువుల ఎముకలూ తోళ్ళ నుంచి తీసేదే కదా? మా పెద్దనాన్న ఈ ఇంజెక్షనే వేయించుకుంటున్నారు. క్యాప్స్యూల్ కూడా విప్పి పొడి మాత్రం మింగే మనిషి. ఇది ఆయనకి చెప్పాలా వద్దా?

మందుల_మల్లేశం
చెప్పకండి.

సిస్టర్_సుగుణ
చెప్పండి. ఒళ్ళు ఆయనది. మా దగ్గర ఒక ముసలమ్మ గారు అడిగారు, ఉన్నది ఉన్నట్టు చెప్పా. "నోట్లోకి పోవట్లేదుగా" అని చెయ్యి చాపారు. "అమ్మా, చేతికి కాదు, నడుముకి" అన్నాను.

పాలిమర్_పంతులు
పప్పుచారు గారూ, నేను చెప్పిన ఆ బ్రాండులో మూడు నెలల సీసాలో జెలటిన్ లేదు. పీఎల్ఏ, మన్నిటాల్, మందు, అంతే. మీ పెద్దనాన్నగారిది ఏ సీసానో, ఏ బ్రాండో చూడండి.

పప్పుచారు_ప్రియుడు
మూడు నెలలదే! బతికించారు.

వాదన_వెంకట్
అందరూ పాలిమర్ భజన చేస్తున్నారు గానీ అసలు మాట ఎవరూ ఎత్తట్లేదు. ఈ ఇంజెక్షన్ చేసే పని ఏంటి? టెస్టోస్టిరాన్ ఆపడం. దానికి చిన్న ఆపరేషన్ ఒకటి ఉంది, వృషణాలు తీసేయడం. ఒక్కసారి ఖర్చు, ఒక్కరోజు పని, జీవితాంతం ఇంజెక్షన్ గొడవే లేదు. హగ్గిన్స్ అనే డాక్టర్ 1940ల్లోనే చూపించాడు, 1966లో నోబెల్ కూడా ఇచ్చారు. మా మేనమామకి ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించాం. ఏడేళ్ళు బతికాడు. మూడు నెలలకోసారి వేలకి వేలు పోసేవాళ్ళకి ఈ ముక్క ఎవరూ ఎందుకు చెప్పరు?

ఖమ్మం_కుర్రోడు
మాకు చెప్పారు వెంకట్ గారూ. డాక్టర్ గారు రెండూ ముందు పెట్టారు. నాన్న ఒక పూటంతా మాట్లాడలేదు. రాత్రి అన్నం తింటూ "సూదే వేయించండ్రా" అన్నారు. మళ్ళీ అడగబుద్ధి కాలేదు.

వాదన_వెంకట్
అర్థమైంది తమ్ముడూ. మా మేనమామని అసలు అడగనే లేదు మేము. సంతకం పెట్టించేశాం.

న్యూజెర్సీ_నాని
మా మామగారికి ఇక్కడ ఆరు నెలలది వేస్తారు, 45 మి.గ్రా. ఇది పొడి కాదు. రెండు సిరంజిలు ఒకదానికొకటి బిగించి అటూ ఇటూ తోసి కలుపుతారు. పాలిమర్‌ని ఒక ద్రావకంలో కరిగించి ఉంచుతారట, పొట్ట చర్మం కిందకి వెళ్ళాక ద్రావకం పక్కకి పోయి అక్కడే గడ్డకడుతుంది. తడిమితే బఠాణీ గింజలా తగిలేది, ఆయన వచ్చిన వాళ్ళందరికీ చూపించేవారు. కొన్నాళ్ళకి పోయింది, అప్పుడు దిగులుపడ్డారు.

సిస్టర్_సుగుణ
ఇంకో రకం కూడా ఉంది. గోసెరెలిన్. అది గోళీలూ కాదు, గడ్డా కాదు. బియ్యపు గింజ మందాన సన్నటి కడ్డీ, రెడీగా సిరంజిలోనే వస్తుంది. కలపడాలూ ఊపడాలూ లేవు, నాకు అదే ఇష్టం. కానీ సూది లావు చూసి మగవాళ్ళే ముందు కళ్ళు మూసుకుంటారు.

కుర్రోడా, పొడి రకం కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. మీ నర్సింగ్ హోమ్ వాళ్ళు ఇది అరుదుగా వేస్తారు కాబట్టి చెప్తున్నా. పెట్టెలో వాళ్ళిచ్చిన ద్రావకమే వాడాలి, మామూలు డిస్టిల్డ్ వాటర్ కాదు. కలిపాక పల్చటి పాలలా ఉండాలి. అడుగున పొడి అంటుకుని ఉంటే ఇంకా కలవలేదన్నట్టు. కలిపి పక్కన పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే గోళీలు కిందకి దిగిపోతాయి, అప్పుడు ఎక్కించబోతే సూది పట్టేస్తుంది. కలపడం, ఎక్కించడం, మధ్యలో ఇంకో పని లేదు. పెట్టెలో ఇచ్చిన సూదే పెట్టాలి, ఇంకా సన్నది పెడితే నొప్పి తగ్గుతుందని కొందరు తెలివి చూపిస్తారు.

ఒంగోలు_ఓర్పు
సుగుణ సిస్టర్ చెప్పింది మాకు జరిగింది. మా ఊళ్ళో ఒక క్లినిక్‌లో కలిపిపెట్టి, మధ్యలో ఎవరో దెబ్బ తగిలి వస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళారు. పావుగంట తర్వాత వచ్చి ఎక్కిస్తే సగం వెళ్ళి ఆగిపోయింది. సూది మార్చారు, మళ్ళీ ఆగింది. పైన నీళ్ళు వెళ్ళాయో, కింద మందు వెళ్ళిందో ఆ దేవుడికే తెలియాలి. మిగతాది పారబోసి "ఫర్వాలేదండీ, చాలావరకు వెళ్ళింది" అన్నారు. వచ్చే నెల టెస్టోస్టిరాన్ చూపిస్తే 160 ఉంది. 50 లోపు ఉండాలట. మళ్ళీ మొత్తం ఖర్చు.

అనుమానం_అప్పారావు
ఇది మాత్రం నా అనుమానం లిస్టులో రాసుకుంటున్నా.

మందుల_మల్లేశం
ఫ్రిజ్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇవన్నీ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. తప్పదు.

పాలిమర్_పంతులు
మల్లేశం గారూ, అన్నీ కాదు. న్యూజెర్సీ నాని గారు చెప్పిన రెండు సిరంజిల రకం ఫ్రిజ్‌లోనే. గోసెరెలిన్ కడ్డీ 25 డిగ్రీల లోపు చాలు. మొదటి బ్రాండు పొడి కూడా అంతే. పెట్టె మీద ఏం రాసుంటే అది. కాకపోతే మన దగ్గర మే నెలలో "25 డిగ్రీల లోపు" అంటే ఫ్రిజ్ తప్ప ఇంకేముంది, ఆ లెక్కన మీరూ రైటే.

ఈ పాలిమర్‌కి ఒక బలహీనత ఉంది. పొడిగా ఉన్నప్పుడు 45-50 డిగ్రీల దగ్గర గాజులాంటి గట్టిదనం పోయి మెత్తబడుతుంది. తేమ తగిలితే ఇంకా ముందే. అప్పుడు గోళీలు ఎండలో పెట్టిన నిమ్మ చప్పరింత బిళ్ళల్లా ఒకదానికొకటి అతుక్కుంటాయి. మళ్ళీ చల్లబరిచినా విడిపోవు.

కరీంనగర్_కావ్య
పంతులు గారు చెప్పింది అక్షరాలా మా కథ. మా తమ్ముడు మే మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తెచ్చాడు. దారిలో చెరుకు రసం తాగడానికి ఆగాడట, అరగంట. డిక్కీ తెరిస్తే పెట్టె వేడిగా ఉంది. సీసా ఊపితే పొడి కదలలేదు, అడుగున అట్టలా ఉంది. షాపులో వెనక్కి తీసుకోలేదు. ఆ చెరుకు రసం గ్లాసు ఎంత పడిందో లెక్క కట్టి ఇప్పటికీ ఏడిపిస్తాం వాడిని.

ఆర్టీసీ_రాజు
చెరుకులోనే గ్లైకోలిక్ ఆమ్లం ఉందన్నారుగా. విధి.

నిద్రపట్టని_నీలిమ
ఇది కాన్సర్ చర్చ అని తెలుసు, కానీ "డిపో" అని చూసి రాస్తున్నా. మా అన్నయ్యకి మానసిక జబ్బు, రెండు వారాలకోసారి రిస్పెరిడోన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఇంజెక్షన్ పడింది కదా, ఇక మాత్రలెందుకని అమ్మ ఆపేసింది. పదో రోజుకి మళ్ళీ మొదటికొచ్చాడు. రాత్రి రెండింటికి గోడ మీద ఏదో రాస్తున్నాడు. మందు నకిలీదని మేము షాపు వాళ్ళతో గొడవపడ్డాం. తర్వాత వేరే డాక్టర్ చెప్పారు, మొదటి మూడు వారాలు మాత్రలు తప్పక వేసుకోవాలట. మొదటిసారి రాసిన చోట మాకెవరూ ఆ మాట చెప్పలేదు. ఎందుకలా? గోళీలు రోజూ కొంచెం కొంచెం వదలాలి కదా?

పాలిమర్_పంతులు
నీలిమ గారూ, చాలా బాధగా ఉంది. మందు నకిలీది కాదు.

మన పాత మట్టిగోడ గుర్తు తెచ్చుకోండి. ముసురు పట్టి రోజుల తరబడి వాన తాగుతుంది. పైకి చూస్తే గోడ గోడలాగే ఉంటుంది, లోపలంతా నానిపోయి ఉంటుంది. ఒకరోజు వాన వెలిశాక, ఎండ కూడా వచ్చాక, దబ్బున కూలుతుంది. పీఎల్‌జీఏ అచ్చంగా అలా పోతుంది. నీళ్ళు లోపలికి వారం లోపే చేరతాయి, గొలుసులు లోపల్లోపల తెగుతుంటాయి, కానీ గోళీ నిలబడే ఉంటుంది, మందు వదలదు. తెగిన ముక్కలు ఆమ్లం కాబట్టి అవి పక్క లంకెల్ని ఇంకా త్వరగా తెంపుతాయి. ఒక దశ దాటాక కూలడం మొదలవుతుంది. మీ అన్నయ్యకి పడిన ఆ రకంలో మందు గట్టిగా బయటికి రావడం మొదలయ్యేది మూడో వారం తర్వాతే, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య బాగా వస్తుంది. అంటే ఈరోజు వేసిన సూది వచ్చే నెలకి. ఈ నెలకి మాత్రే దిక్కు.

ఆపేటప్పుడు కూడా ఇదే తిరకాసు. ఆఖరి సూది తర్వాత కొన్ని వారాలు బాగానే ఉంటాడు, "మానేసినా బాగున్నాడు" అనిపిస్తుంది. ఆ మాట నమ్మకండి.

నిద్రపట్టని_నీలిమ
మట్టిగోడ అంటే అమ్మకి అర్థమవుతుంది. చదివి వినిపిస్తా.

ఎంఫార్మ్_ఏడుపు
మరి అన్ని పాలిమర్లూ మట్టిగోడలేనా? పటికబెల్లం చప్పరించినట్టు పైనుంచి మాత్రమే కరిగేవి లేవా?

పాలిమర్_పంతులు
ఉన్నాయి. పాలీ ఎన్‌హైడ్రైడ్లు. నీళ్ళని లోపలికి రానివ్వవు, పైపొర మాత్రం చకచకా పోతుంది, పటికబెల్లమే. మెదడులో గ్లయోమా గడ్డ తీసేశాక ఆ ఖాళీలో పరిచే బిళ్ళలు వాటితోనే చేశారు, లోపల కార్‌ముస్టీన్ అనే కాన్సర్ మందు. గరిష్ఠంగా ఎనిమిది బిళ్ళలు. 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. రాబర్ట్ ల్యాంగర్ పేరు మీ గైడ్ గారు రోజుకి రెండుసార్లు చెప్తుంటారే, ఆయన పనే. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1976లో, పెద్ద అణువుల్ని పాలిమర్‌లోంచి మెల్లగా వదిలించొచ్చని ఆయనా జూడా ఫోక్‌మన్ అనే డాక్టరూ చూపిస్తే చాలామంది నమ్మలేదు. ఆ మొదటి పాలిమర్ మాత్రం ఒంట్లో కరిగేది కాదు.

వాదన_వెంకట్
అన్నీ బాగానే ఉన్నాయి పంతులు గారూ, ఒక్కటి ఒప్పుకోండి. మాత్ర పడకపోతే రేపటి నుంచి మానేస్తాం. ఈ గోళీలు ఎక్కించాక పడకపోతే? బయటికి తీసే దారుందా?

పాలిమర్_పంతులు
గోళీలకి లేదు. అది వాటి అసలైన లోపం, ఒప్పుకుంటున్నా. కడ్డీ అయితే కోసి తీయొచ్చు, గోళీలు కండలో చెల్లాచెదురు అయిపోతాయి. అందుకే కొన్ని మందులకి ముందు మాత్రలిచ్చి పడుతుందో లేదో చూసి తర్వాత డిపో వేస్తారు.

ఖమ్మం_కుర్రోడు
ఇంకో ప్రశ్న. 22.5 పది రోజుల్లో వస్తుందంటున్నారు. పది రోజులు ఆగితే ఏమవుతుంది?

న్యూజెర్సీ_నాని
మా మామగారికి ఒకసారి ఐదు రోజులు లేటైంది, ఏం కాలేదు.

సిస్టర్_సుగుణ
నాని గారూ, మీది ఆరు నెలలది, ఇది వేరే బ్రాండు. అలా చెప్పకండి. కుర్రోడా, ముందు ఒకటి చూడు. "మూడు నెలలు" అని మనం క్యాలెండర్‌లో లెక్కపెడతాం. కొన్ని బ్రాండ్ల కాగితం మీద 12 వారాలు అని ఉంటుంది. అంటే 84 రోజులు. క్యాలెండర్ మూడు నెలలంటే 90కి అటూ ఇటూ అవుతుంది. నువ్వు ఇప్పటికే వారం లేటేమో.

ఖమ్మం_కుర్రోడు
ఇప్పుడే పాత పెట్టె తీసి చూశా. 12 వారాలనే ఉంది!! ఫిబ్రవరి 8 తర్వాత మే 9 అని రాసుకున్నా. 90 రోజులు. నాలుగుసార్లూ అలాగే చేశాం. శుక్రవారానికి ఆల్రెడీ ఆరు రోజులు దాటుతోంది. టెన్షన్ వస్తోంది.

పాలిమర్_పంతులు
టెన్షన్ పడకండి, ఆరు రోజులకి మిన్ను విరిగి మీద పడదు. కానీ దానిమీద ఇంకో పది రోజులు వేయకండి. ఎందుకంటే ఈ మందు పనిచేసేదే విడవకుండా ఉండటం వల్ల. ఈ మందు మెదడు వదిలే ఒక హార్మోన్‌కి నకలు. మామూలుగా మెదడు ఆ హార్మోన్‌ని గంటా గంటన్నరకోసారి కొంచెం కొంచెం వదులుతుంది. తలుపు కొట్టినట్టు. కొట్టినప్పుడల్లా మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి తలుపు తీసి టెస్టోస్టిరాన్‌కి కబురు పంపుతుంది. మనం పగలూ రాత్రీ ఆపకుండా కొడితే? మొదటి వారం తీస్తూనే ఉంటుంది, అందుకే తొలి సూదికి టెస్టోస్టిరాన్ పెరుగుతుంది, దానికి అడ్డంగా బైకాలుటమైడ్ లాంటి మాత్రలిస్తారు. తర్వాత విసిగి చెవుల్లో దూది పెట్టుకుంటుంది. ఇక ఎంత కొట్టినా తీయదు. మధ్యలో కొట్టడం ఆపారనుకోండి, దూది తీసేస్తుంది.

ఎముకలకి పాకింది అన్నారు కాబట్టి ఆ డాక్టర్ గారి యూనిట్‌లో ఇంకెవరైనా ఉంటారు, వాళ్ళని పట్టుకోండి. "7.5 ఒకటి ఇప్పుడు వేసి, నెల తర్వాత 22.5 కి మారొచ్చా" అని అడగండి. అడగడం వరకే నా సలహా, వేయడం వాళ్ళు చెప్పాకే.

మందుల_మల్లేశం
షాపాయన దగ్గర బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయించుకోండి. పెట్టెలో ద్రావకం ఆంప్యూల్ ఉందో లేదో కౌంటర్ దగ్గరే విప్పి చూడండి.

ఎంఫార్మ్_ఏడుపు
ఐసు మీద చేశా. జెలటిన్ వేశా. ఉప్పు వేశా. మొదటిరోజు 11 శాతం!!!! పంతులు గారూ, మీ అడ్రస్ ఇవ్వండి, పూతరేకులు పంపిస్తా.

పాలిమర్_పంతులు
డీసీఎం మిగిలిందేమో కొలిచారా? 600 పీపీఎం (పది లక్షల్లో 600 వంతులు) దాటకూడదు. పూతరేకులు తర్వాత.

ఖమ్మం_కుర్రోడు
అప్‌డేట్. యూనిట్‌లో జూనియర్ డాక్టర్ గారు దొరికారు. అచ్చంగా పంతులు గారు చెప్పినట్టే: 7.5 ఒకటి ఈ శుక్రవారం, నాలుగు వారాలకి 22.5, ఆ ముందురోజు పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్త పరీక్ష), టెస్టోస్టిరాన్ రెండూ చేయించమన్నారు. సుగుణ సిస్టర్ రాసింది ప్రింట్ తీసి నర్సింగ్ హోమ్‌లో ఇచ్చా. అక్కడి సిస్టర్ కొంచెం మొహం మాడ్చారు గానీ చదివారు. నా కళ్ళముందే కలిపారు, పాలలా వచ్చింది, వెంటనే ఎక్కించేశారు. నాన్న బోర్లా పడుకుని "ఇందాకటి నుంచి దీనికేనా ఇంత హడావిడి" అన్నారు.

సిస్టర్_సుగుణ
వాళ్ళు మొహం మాడ్చడం నాకు అర్థమవుతుంది. నేనూ మాడుస్తా.

అనుమానం_అప్పారావు
ఆ షాపాయనకి చెప్పావా లేదా? రేపు ఇంకొకరికి ఇదే లెక్క చెప్తాడు.

ఖమ్మం_కుర్రోడు
చెప్పా. 7.5 ఒక్కటే కావాలంటే "మిగతా రెండూ?" అన్నాడు. ద్రావకం చూడాలని పెట్టె విప్పించి, లోపలి కాగితం తీసి ఆ లైను మీద వేలు పెట్టి చూపించా. కళ్ళద్దాలు వెతుక్కుని, ట్యూబ్‌లైట్ కిందకెళ్ళి రెండుసార్లు చదివాడు. "ఇంత చిన్న అక్షరాల్లో రాస్తే ఎవడు చదువుతాడండీ" అని గొణుక్కుంటూ మిగతా రెండు పెట్టెలూ తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేశాడు.